రెడ్ వైన్‌కు తెల్లకోటు తొడగకండి

మద్యాన్ని మద్యమని పిలవడానికి మన సమాజానికి ఏనాడూ మొహమాటం లేదు. కల్లు తాగేవాడు తాగుబోతు. సారా తాగేవాడూ తాగుబోతే. విస్కీ తాగేవాడు తన హోదాను బట్టి తాగుబోతో, పెద్దమనిషో అవుతాడు. ఒక్క రెడ్ వైన్ మాత్రం ఈ పట్టికలోంచి నేర్పుగా తప్పించుకుంది. అది గుండెకు బలమట, రక్తాన్ని పలుచన చేస్తుందట, వార్ధక్యాన్ని వాయిదా వేస్తుందట. ఈ ‘అట’లన్నీ కలిసి ఒక మత్తుపానీయానికి తెల్లకోటు తొడిగాయి. ప్రభుత్వ వైద్యుడిగా దశాబ్దాల పాటు ఆ కోటు వేసుకున్నవాడిని కనుక, అర్హత లేనివాడి ఒంటి మీద నుంచి దాన్ని విప్పించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన సికింద్రాబాదులో మారేడుపల్లి, సైనిక్‌పురి వంటి చోట్ల పదవీ విరమణ చేసిన దంపతుల ఇళ్లలో ఒక కొత్త అలవాటు చూస్తున్నాను. విదేశాల నుంచి వచ్చిన పిల్లలు విమానాశ్రయంలో సుంకం లేని దుకాణం నుంచి ఒక ఇటాలియన్ సీసా తెస్తారు. “అక్కడ అందరూ రోజూ భోజనంతో ఇదే తాగుతారు నాన్నా, ఖరీదు కూడా పెద్దగా ఉండదు, గుండెకు మంచిది” అని చెప్పి వెళతారు. జీవితంలో ఏనాడూ మద్యం ముట్టని అరవై అయిదేళ్ల మనిషి, రక్తపోటు మాత్ర, మధుమేహం మాత్ర వేసుకుని, వాటి పక్కన ఈ మూడో ‘మందు’ను కూడా చేర్చుకుంటాడు. తెలుగులో మందు అనే మాటకు రెండర్థాలు ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ రెండింటినీ కలిపేసుకోవడం మాత్రం మన అవివేకం.

నా వాదన ఒక్క వాక్యంలో చెబుతాను. రెడ్ వైన్ ఒక మద్యం. దాన్ని ఆరోగ్యం కోసం తాగడానికి శాస్త్రంలో ఆధారం లేదు. అలా తాగమని చెప్పే హక్కు పిల్లలకు గాని, పత్రికలకు గాని, ముఖ్యంగా వైద్యులకు గాని లేదు.

కాలేయానికి సీసా మీది బొమ్మ కనబడదు

ముందు లెక్క చూద్దాం. సాధారణ రెడ్ వైన్‌లో ఆల్కహాల్ సుమారు 13 శాతం ఉంటుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసులో 15 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు విస్కీలో ఉండేది 10 గ్రాములు. అంటే ‘ఒక గ్లాసే కదా’ అనుకుని తాగినది ఒకటిన్నర పెగ్గు. మన ఇళ్లలో మంచినీళ్లు తాగే గాజు గ్లాసు నిండా పోస్తే 200 మిల్లీలీటర్లు పడుతుంది. అది రెండు పెగ్గులతో సమానం. ఒక పూర్తి వైన్ సీసా, అంటే 750 మిల్లీలీటర్లలో, సుమారు 77 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ విస్కీ సీసాలో ఉండేది 60 గ్రాములు. క్వార్టర్ పేరు వింటే ముఖం చిట్లించే ఇల్లాలు వైన్ సీసాను భోజనాల బల్ల మీద అలంకారంగా నిలబెడుతోందంటే, గొప్పతనం పానీయానిది కాదు, చీటీది.

ఆ 15 గ్రాములు ద్రాక్ష నుంచి వచ్చాయా, ఇప్పపువ్వు నుంచి వచ్చాయా అని కాలేయం విచారించదు. ఆల్కహాల్‌ను అది ముందుగా అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది. కణాల డిఎన్‌ఏను దెబ్బతీయగలిగేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను మొదటి వర్గపు క్యాన్సర్ కారకాలలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్నది ఆ వర్గంలోనే. ఆ వర్గీకరణ ప్రమాదపు పరిమాణాన్ని చెప్పదు, సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుంది. మద్యం విషయంలో సాక్ష్యం తిరుగులేనిదని దాని అర్థం. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము: ఈ ఏడు చోట్ల క్యాన్సర్‌కు మద్యంతో సంబంధం నిర్ధారణ అయింది. రోజుకు ప్రతి 10 గ్రాముల ఆల్కహాల్‌కు స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 7 శాతం పెరుగుతుందని 2002లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. ఆ నిర్ధారణలో వైన్‌కు మినహాయింపు లేదు.

గుండెకు మంచిదన్న మాట ఎక్కడ పుట్టింది?

1991 నవంబరులో అమెరికాలోని సిబిఎస్ టెలివిజన్‌లో ‘సిక్స్‌టీ మినిట్స్’ కార్యక్రమం ప్రసారమైంది. వెన్న, జున్ను దండిగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువెందుకు అన్నది ప్రశ్న. సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వైన్ వైపు వేలు చూపించాడు. మరుసటి ఏడాది ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ఆయన వ్యాసమూ వచ్చింది. ‘ఫ్రెంచ్ పారడాక్స్’ అనే పేరు స్థిరపడింది. అమెరికాలో రెడ్ వైన్ అమ్మకాలు అమాంతం పెరిగాయి. మూడు దశాబ్దాల తరువాత మీ ఫోనులో వాట్సాప్ సందేశంగా తిరుగుతున్నది ఆ పాత కథే.

ఇందులోని దోషాన్ని అర్థం చేసుకోవడానికి పారిస్ దాకా పోనక్కరలేదు, బేగంపేట చాలు. ‘మలేరియా’ అనేది ఇటాలియన్ మాట. చెడ్డ గాలి అని దాని అర్థం. చిత్తడి నేలల దగ్గర నివసించేవారికి ఆ జ్వరం వస్తుంది. చిత్తడి నేలల మీది గాలి దుర్వాసన కొడుతుంది. కాబట్టి జ్వరానికి గాలే కారణమని శతాబ్దాల పాటు మహా పండితులు నమ్మారు. వారు చూసిన సంబంధం అబద్ధం కాదు. దాని నుంచి తీసిన కారణం అబద్ధం. 1897 ఆగస్టు 20న మన బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు గాలి నిర్దోషి అని తేలే దారి తెరుచుకుంది. రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదన్న పాఠం మన ఊరి నేల మీదే ప్రపంచానికి అందింది. ఆ నేల మీద నివసిస్తూ మనం ఆ పాఠాన్ని మరచిపోవడం విచారకరం.

వైన్ విషయంలో జరిగినదీ అదే. పాశ్చాత్య దేశాల్లో భోజనంతో మితంగా వైన్ తాగేవారు తరచుగా చదువుకున్నవారు, డబ్బున్నవారు, కూరగాయలు తినేవారు, సిగరెట్టు తక్కువ కాల్చేవారు, క్రమం తప్పక వైద్యపరీక్షలు చేయించుకునేవారు. వారి ఆరోగ్యం బాగుండటంలో ఆశ్చర్యం లేదు. మరోవైపు, ‘తాగనివారు’ అనే జాబితాలో రోగం ముదిరి మానేసినవారిని కూడా పాత అధ్యయనాలు కలిపేశాయి. కాలేయం చెడి తాగడం మానినవాడిని ఎన్నడూ తాగనివాడితో కలిపి లెక్కవేస్తే, తాగేవాడే ఆరోగ్యవంతుడిగా కనబడతాడు. బ్రిటన్‌లో షేపర్ బృందం 1988లోనే ఈ లోపాన్ని ఎత్తిచూపింది.

ఈ చిక్కును విడదీయడానికి జన్యువుల సాయం తీసుకున్న పెద్ద అధ్యయనం 2019లో ‘లాన్సెట్’లో వచ్చింది. చైనాలో సుమారు 5 లక్షల మందిని అనుసరించిన అధ్యయనమది. కొందరికి పుట్టుకతోనే మద్యం సరిపడదు. ఆ జన్యువులు డబ్బును, చదువును బట్టి రావు. ఆ ప్రకారం లెక్క చూస్తే, మితంగా తాగినవారికి పక్షవాతం నుంచి రక్షణ ఉందన్న భ్రమ తొలగిపోయింది. తాగే మోతాదు పెరిగినకొద్దీ ముప్పు పెరిగింది.

మన రక్తం సంగతేమిటి? దేశదేశాల గుండెపోటు రోగులను పరిశీలించిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో, దక్షిణాసియా వాసులకు మద్యం వల్ల గుండెకు రక్షణ కనబడలేదు. 2010లో భారతీయ పురుషులపై ప్రచురితమైన అధ్యయనంలోనూ ఆ రక్షణ జాడ లేదు. ఫ్రాన్సు గణాంకాలను ముషీరాబాదు గుండెకు అతికించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎదుటి పక్షం మాట కూడా చెప్పాలి. 2018లో ‘ప్రపంచ రోగభార’ అధ్యయనం ఆరోగ్యానికి అతి తక్కువ నష్టం కలిగించే మద్యం మోతాదు సున్నా అని ప్రకటించింది. 2022లో ఆ బృందమే, నలభై దాటినవారిలో కొద్ది మోతాదుకు కొన్ని జబ్బుల విషయంలో కొంత లాభం ఉండవచ్చని సవరించింది. అయితే ఆ లాభం కూడా నేను పైన చెప్పిన పరిశీలనల మీద నిలబడినదే. దీన్ని ఖరారు చేయడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు తలపెట్టిన భారీ ప్రయోగం 2018లో ఆగిపోయింది. ఎందుకో తెలుసా? దాని ఖర్చులో అధిక భాగం మద్యం కంపెనీలే భరిస్తున్నాయని, ఆ నిధుల కోసం అధికారులే వారిని ఆశ్రయించారని బయటపడింది. తీర్పు చెప్పవలసిన న్యాయమూర్తికి ముద్దాయే జీతమిస్తే ఆ తీర్పును ఎవరు నమ్ముతారు?

ఇటలీయే చెప్పిన సాక్ష్యం

రెడ్ వైన్‌లో రెస్వెరట్రాల్ అనే పదార్థం ఉందనీ, అదే గుండెను కాపాడుతుందనీ మరో వాదన. ఉన్నమాట నిజమే, ద్రాక్ష తొక్కలో ఉంటుంది. కాని ఎంత? లీటరుకు 5 మిల్లీగ్రాములని ఉదారంగా వేసుకుందాం. మనుషులపై పరీక్షల్లో రోజుకు 500 మిల్లీగ్రాములు, అంతకు మించీ వాడిన సందర్భాలున్నాయి. 500 మిల్లీగ్రాములు కావాలంటే రోజుకు 100 లీటర్లు, అంటే 133 సీసాలు తాగాలి. గుండె సంగతి అటుంచి, మనిషి మిగలడు. పైగా ఈ రంగంలో పేరుమోసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు దీపక్ దాస్ ప్రచురణల్లో 145 చోట్ల దత్తాంశాలను కల్పించడమో మార్చడమో జరిగిందని ఆ విశ్వవిద్యాలయమే 2012లో ప్రకటించింది.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం సాక్షాత్తూ వైన్ పుట్టింటి నుంచి వచ్చింది. ఇటలీలో టస్కనీ ప్రాంతపు కియాంతి సీమ పేరు ఆ గడ్డి అల్లిక సీసాల వల్ల లోకమంతా తెలుసు. ఆ సీమలోని రెండు ఊళ్లలో 65 ఏళ్లు దాటిన 783 మందిని 1998 నుంచి తొమ్మిదేళ్ల పాటు అనుసరించారు. ఎవరెంత తాగామని చెబితే దాన్ని రాసుకుని ఊరుకోలేదు. వారి మూత్రంలో రెస్వెరట్రాల్ అవశేషాలను కొలిచారు. ఫలితం 2014లో వెలువడింది. ఆ పదార్థం ఎక్కువ ఉన్నవారికి, తక్కువ ఉన్నవారికి మరణాలలో గాని, గుండెజబ్బులలో గాని, క్యాన్సర్‌లో గాని తేడా లేదు. కియాంతిలో కియాంతి పౌరులకు చేయని మేలు సికింద్రాబాదులో మీకు చేస్తుందా?

“ఇటలీవాళ్లు రోజూ తాగి ఎక్కువకాలం బతుకుతున్నారు” అనేవారికి మరో నిజం చెబుతాను. 1970 ప్రాంతంలో ఇటలీలో తలసరి వైన్ వాడకం ఏడాదికి 100 లీటర్లకు పైగా ఉండేది. ఈనాడు అది 40 లీటర్లకు అటూ ఇటూగా ఉంది. సగానికి పైగా తగ్గింది. ఆ తగ్గుదలతో పాటు కాలేయం గట్టిపడే సిరోసిస్ జబ్బుతో చనిపోయేవారి సంఖ్యా అక్కడ బాగా తగ్గింది. ఆయుర్దాయం పెరిగింది. వారు వదిలించుకుంటున్న అలవాటును మనం వారి ఆరోగ్య రహస్యమని దిగుమతి చేసుకుంటున్నాం!

ఇక ‘చౌకైన రోజువారీ వైన్’ చరిత్రలో ఒక చీకటి పుట కూడా ఉంది. 1986లో ఇటలీలో చవక బార్బెరా వైన్‌లో ఆల్కహాల్ శాతం పెంచడానికి మిథనాల్ కలిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొందరు చూపు కోల్పోయారు. ఆ తరువాత అక్కడ నియంత్రణలు బిగుసుకున్నాయి. అయినా ఒక సంగతి గ్రహించండి. ఇటలీ రైతుకు ఆ బల్ల మీది వైన్ మన పల్లెలో కల్లు వంటిది. కల్తీ కల్లు మన దగ్గర ప్రాణాలు తీసినప్పుడు కల్లును తిడతాం. వైన్‌ను మాత్రం నాగరికత అంటాం. తాగేవాడి కులాన్ని, జేబును చూసి పానీయానికి మర్యాద ఇవ్వడం వైద్యశాస్త్రం పని కాదు.

మీ సందేహాలు, నా సమాధానాలు

“భోజనంతో పుచ్చుకుంటే హాని ఉండదు కదా?” కడుపులో అన్నం ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, నిజమే. ఖాళీ కడుపుతో తాగడం కంటే అది నయం. కాని నెమ్మదిగా చేరినా చేరేది ఆ 15 గ్రాములే. వాయిదాల్లో కట్టినంత మాత్రాన అప్పు తగ్గదు.

“ద్రాక్షారిష్టంలో కూడా ఆల్కహాల్ ఉందిగా?” ఉంది, సుమారు 5 నుంచి 10 శాతం. అది 30 మిల్లీలీటర్లు తాగితే లోపలికి పోయేది రెండున్నర గ్రాముల లోపు. అది వైద్యుడు చెప్పినన్ని రోజులు తాగే ఔషధం. దాన్ని చూపించి గ్లాసులకు గ్లాసులు సమర్థించుకోవడం కుదరదు.

“మా డాక్టరే కొంచెం తాగవచ్చన్నారు.” ‘తాగితే కొంప మునగదు’ అనడం వేరు, ‘తాగితే మేలు’ అనడం వేరు. రోగి చెవికి రెండూ ఒకటిగానే వినబడతాయి. నా వృత్తి సోదరులకు నా మనవి ఇదే: విందులో మీరేం తాగుతారో మీ ఇష్టం, చీటీ రాసే బల్ల దగ్గర మాత్రం ఆ మాట నాలుక మీదికి రానీయకండి.

“మరి ఆనందం కోసం తాగితే?” ఇది నిజాయితీ గల ప్రశ్న. ఆరోగ్యవంతుడైన మనిషి, ముప్పు తెలిసి, పండుగకో పబ్బానికో ఒక గ్లాసు తాగితే నేను కర్ర పట్టుకుని వెంటపడను. రుచి కోసమని చెప్పండి, స్నేహితుల కోసమని చెప్పండి. గుండె కోసమని మాత్రం చెప్పకండి. సరదాకు తాగేవాడు సరదా తీరితే ఆపుతాడు. మందుగా తాగేవాడు రోజూ తాగుతాడు. ఆరోగ్యం పేరిట మొదలైన తాగుడులోని అసలు ప్రమాదం అదే.

కింది వారు మాత్రం ‘ఒక గ్లాసు’ కూడా ముట్టరాదు:

• గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడే మధుమేహ రోగులు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ తడబాటును చూసి ఇంట్లోవారు మత్తని పొరబడతారు. అంతలో ప్రాణం మీదికి వస్తుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులున్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం చెప్పింది కనుక, ఈ హెచ్చరిక మీ ఇంట్లో ఎవరో ఒకరికి వర్తిస్తుంది.
• కాలేయంలో కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవారు.
• అదుపులో లేని రక్తపోటు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారు.
• నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, రక్తాన్ని పలుచన చేసే వార్ఫరిన్ వాడేవారు.
• గర్భిణులు, తల్లిదండ్రులలో ఎవరికైనా తాగుడు వ్యసనం ఉన్నవారు.

అసలు బాధ్యత ఎవరిది?

తెలంగాణలో మద్యం దుకాణానికి ‘వైన్స్’ అని పేరు. లోపల అమ్ముడయ్యేది ప్రధానంగా విస్కీ, బ్రాందీ, బీరు. ఇలాంటి దుకాణాలు 2,620 ఉన్నాయి. 2023లో వాటి లైసెన్సుల లాటరీకి, తిరిగి ఇవ్వని రెండేసి లక్షల రుసుముతో, లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. దరఖాస్తుల మీదే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలు దాటి వచ్చాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పురుషుల్లో నూటికి 43 మంది మద్యం తాగుతున్నారు. మిగిలిన 57 మందినీ, ఇంకా ఈ అలవాటు సోకని అత్యధిక స్త్రీలనూ చేరుకోవాలంటే వ్యాపారానికి ఒక మర్యాదస్తుల పానీయం కావాలి. రెడ్ వైన్ ఆ మర్యాద గల తలుపు.

ఆ తలుపు ఇంతవరకు పూర్తిగా తెరుచుకోకపోవడానికి దిగుమతి సుంకం ఒక కారణం. సీసా వైన్ మీద మన దేశం విధిస్తూ వచ్చిన సుంకం 150 శాతం. అందుకే ఇటలీలో సామాన్యుడి సీసా ఇక్కడికి వచ్చేసరికి విలాసవస్తువైంది. ఈ గోడ కూడా పలచబడుతోంది. ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందం వల్ల 2022 డిసెంబరు చివర నుంచి నిర్ణీత ధర దాటిన ఆ దేశపు వైన్ మీద సుంకం తగ్గింది. మహారాష్ట్రలో 2022 జనవరిలో సూపర్ మార్కెట్లలోనే వైన్ అమ్మాలని మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, వైన్ మద్యమే కాదని వాదించిన నాయకులున్నారు. రేపు మన కిరాణా కొట్లో పప్పు పక్కన సీసా నిలబడే రోజు వస్తే, అప్పుడు చదివించడానికి ఈ వ్యాసాన్ని దాచుకోకండి. ఇప్పుడే ఇంట్లోవారికి చదివి వినిపించండి.

చట్టం మన వైపు కొంత ఉంది. 2019 ఏప్రిల్ నుంచి అమలైన ఆహార భద్రత నిబంధనల ప్రకారం మద్యం సీసాపై ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక తప్పనిసరి. ఆరోగ్యానికి మేలు చేస్తుందని రాయడం నిషిద్ధం. కంపెనీ సీసా మీద రాయకూడని అబద్ధాన్ని, జీతం తీసుకోకుండా మనమే ఊరంతా చాటుతున్నాం. ఆ హెచ్చరికలో క్యాన్సర్ అనే మాట కూడా ఉండాలని నా కోరిక. ఐర్లండ్ 2023లో అలాంటి చట్టం చేసింది. దానికి అభ్యంతరం చెప్పిన దేశాలలో ఇటలీ ముందుంది. తన ద్రాక్షరైతు కోసం ఇటలీ పోరాడటం దాని ధర్మం కావచ్చు. తన రోగి కోసం మాట్లాడటం మన ధర్మం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు వారి చేతుల్లో ఏ వైద్య పత్రికా లేదు. ఇంట్లో జరుగుతున్నది చూశారు, గ్రహించారు, కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అన్ని పత్రికలూ చదవగలిగిన మనం వారికంటే అమాయకులం కాకూడదు.

గుండె బాగుండాలంటే చేయవలసినవి ఖరీదైనవీ కావు, కొత్తవీ కావు. పొద్దున నలభై నిమిషాల నడక. ఉప్పు తగ్గించిన పప్పు, ఆకుకూర. మానేసిన సిగరెట్టు. క్రమం తప్పని రక్తపోటు మాత్ర. రెస్వెరట్రాల్ మీద అంత మోజే ఉంటే, అది వేరుశనగలోనూ కొద్దిగా ఉంది, మన మేడ్చల్ వైపు పండే ద్రాక్ష తొక్కలోనూ ఉంది; మధుమేహం లేనివారు గుత్తిని బాగా కడిగి తొక్కతో సహా తినండి. ఇంట్లో ఉన్న ఆ ఇటాలియన్ సీసాను మందుల పెట్టె పక్క నుంచి ఈరోజే తీసేయండి. పారబోస్తారో, అతిథికి ఇస్తారో మీ ఇష్టం. దాని పేరు మాత్రం ఇకపై మద్యమనే చెప్పండి.